ఫాదర్ హయ్యర్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

గుంటూరులో పనిచేసిన మిషనరీ ఫాదర్ హయ్యర్ మీద నువ్వు రాసి పంపిన జీవితచరిత్ర చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. తేదీలు సరిచూసుకున్నావు, అది అందరూ చేసే పని కాదు. కానీ సగం దాటేసరికి నాకు మనిషి కనిపించడం మానేసి క్యాలెండరు కనిపించింది. 1793లో జర్మనీలో పుట్టడం, 1807లో బంధువు దగ్గర పని నేర్చుకోవడానికి ఫిలడెల్ఫియా వెళ్లడం, 1820లో పాదిరి అభిషేకం. ప్రతి పదేళ్లకూ ఒక్కో అధ్యాయం. 80 ఏళ్లు బతికిన మనిషి కాబట్టి నీకు ఎనిమిది అధ్యాయాలు వచ్చాయి.

నేనూ ఒకప్పుడు ఇదే చేశాను. మా ఊరి పక్క పల్లెలో ఒక ఉపదేశిగారు ఉండేవారు. వారమంతా బడి, ఆదివారం గుడి. ఆయన పోయాక జీవితచరిత్ర రాసి, ఆయన దగ్గర చదువుకున్న ఒక పెద్దాయనకు వినిపించాను. అంతా ఓపిగ్గా విని, "మా నాన్న బడి మాన్పిస్తే అయ్యగారు మూడుసార్లు లాంతరు పట్టుకుని మా ఇంటికొచ్చారు బాబూ. అది రాయలేదేం?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఒక్కసారి రావడం వేరు, మూడోసారి కూడా రావడం వేరు.

హయ్యర్ కూడా మూడుసార్లు వచ్చాడమ్మా. నీ పుస్తకం అక్కడుంది.

మొదటి రాక 1842 జూలై 31, గుంటూరు. భార్య పోయింది, వయసు 49. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. అమెరికా లూథరన్లు, అంటే ప్రొటెస్టంట్లలో ఒక శాఖవాళ్లు, పరాయి దేశానికి పంపిన మొదటి మిషనరీ ఈయనే. దీన్ని నువ్వు ఘనతగా ఒక వాక్యంలో రాసి దాటేశావు. అక్కడ ఆగు. ఆ వయసులో మనవాళ్లు కూతుళ్ల పెళ్లిళ్లు చేసి అరుగు మీద కూర్చునేవాళ్లు. ఈయన ఒత్తులు, గుణింతాలు దిద్దుకున్నాడు. బళ్లు పెట్టాడు. పిల్లలకు చెప్పే ముందు తనే పిల్లవాడిలా నేర్చుకోవలసి వచ్చింది. ఉపాధ్యాయుడిగా ఆయన్ని నువ్వు చూపించగలిగే చోటు ఇంతకంటే మంచిది లేదు.

రెండోసారి వచ్చింది 1848లో. మధ్యలో అమెరికాలోని బాల్టిమోర్ వెళ్లి వైద్యం చదివి 1847లో డాక్టరు పట్టా తీసుకున్నాడు. 54 ఏళ్లకు! ఎందుకు చదివాడో ఆలోచించు. జ్వరంతో మూలుగుతున్న ఇంటి ముందు నిలబడి వాక్యం మాత్రమే చెప్పి వెళ్లిపోవడం ఆయనకు చాలలేదని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే. నువ్వు రాసేటప్పుడు కూడా ఊహను ఊహ అనే రాయి. తిరిగొచ్చాక గురజాల వెళ్లి పల్నాడులో పనిచేశాడు. పల్నాటి ఎండ నీకు తెలుసు కదా, ఆ అధ్యాయం మాత్రం మే నెలలో అక్కడ నాలుగు రోజులుండి రాయి.

ఇక్కడ ఆయన తోటి మిషనరీ వాల్టర్ గన్‌ను మరిచిపోయావు. 1844లో వచ్చాడు, హయ్యర్ అమెరికాలో ఉన్నప్పుడు గుంటూరు పని మోశాడు, 1851లో గుంటూరులోనే కన్నుమూశాడు. పెద్ద వయసు కాదు. హయ్యర్ దీర్ఘాయుష్షు పక్కన ఆ చిన్న జీవితం పెట్టి చూడు. ఒకరు తిరిగి రాగలిగారంటే, ఈలోగా ఇంకొకరు దీపం ఆరకుండా చూసుకున్నారు.

ఇంకొక సంగతి. నువ్వు ఎక్కువగా ఆధారపడింది మిషను నివేదికల మీద. అవి అమెరికాలో చందాలిచ్చేవాళ్ల కోసం రాసినవి. అబద్ధాలని కాదు, కానీ వాటిలో బడికొచ్చిన పిల్లలు అంకెలుగానే మిగులుతారు. మాల మాదిగ పల్లెల్లో మొదటిసారి పలక పట్టిన పిల్లకు అదంతా ఎలా ఉండి ఉంటుందో ఆ కాగితాలు చెప్పవు. పాత బాప్తిస్మ రిజిస్టర్లు చూడు. ముసలివాళ్లను అడుగు. వాళ్ల తాతమ్మల మాటలు ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలి ఉంటాయి.

ఇక మూడో రాక. నీ పుస్తకం దీనితోనే మొదలుపెట్టమంటాను. 1857లో వెళ్లిపోయి అమెరికాలోని మిన్నెసోటాలో సంఘాలు కడుతూ తిరిగాడు. ఇక్కడ రాజమండ్రి మిషను మనుషుల్లేక, డబ్బుల్లేక నీరసించింది. దాన్ని ఇంగ్లిషువాళ్ల మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామన్న దాకా వచ్చింది. 1869లో ఆయన అడ్డుపడి, నేను వెళ్తానన్నాడు. వయసు 76. అన్నట్టే వచ్చాడు. ఏడాది పైచిలుకు ఉండి, కొత్తగా వచ్చినవాళ్ల చేతుల్లో పని పెట్టి వెళ్లాడు. 1873లో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు.

గుంటూరులో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885లో వచ్చింది. ఆయన చూడలేదు. దాన్ని ఆయన ఖాతాలో వేసి పొగడకు. చూడలేదనే రాయి, చాలు.

ఎనిమిది అధ్యాయాలూ పక్కన పెట్టు. ఆ 76 ఏళ్ల మనిషి ఓడెక్కే ముందు పెట్టె సర్దుకుంటుండగా మొదటి పేజీ తెరువు. ఆ పెట్టెలో ఏముందో మనకు తెలియదు, కాబట్టి ఏమీ కల్పించకు. మూత మాత్రం వెయ్యనీ. రాసిన వెంటనే ఆ ఒక్క పేజీ నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న లాంటివాడు