లాప్‌టాప్ వేడెక్కుతోందా? ఫ్యాన్ స్పీడ్ కంటే ముందు ఇది చూడండి

చెన్నైలో ఎండలు ముదిరాక లాప్‌టాప్ 95 డిగ్రీలు దాటుతోంది, ఫ్యాన్‌ని ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో తిప్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది, చెప్తాను. కానీ మీ లాప్‌టాప్ కొని రెండేళ్లు దాటి ఉంటే ముందు వెనక మూత తీయించండి.

నేను వేళచ్చేరిలో ఉంటాను, రోడ్డు పక్క ఫ్లాట్. నాకూ ఇదే బాధ వస్తే రిచీ స్ట్రీట్‌లో ఒక షాపుకి తీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని విప్పించాను. ఫ్యాన్ రెక్కలు పైకి శుభ్రంగానే ఉన్నాయి. అసలు సంగతి ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని మోసుకొచ్చే రాగి గొట్టం చివర ఉండే సన్నటి రేకులకీ మధ్య ఉంది: దుమ్ము, వెంట్రుకలు కలిసి కంబళి ముక్కలా గట్టిపడిపోయి, చిమటాతో లాగితే ఒకే పొరగా ఊడి వచ్చింది. అది అడ్డం ఉన్నంతకాలం ఫ్యాన్ ఎంత తిరిగినా మోతే తప్ప గాలి బయటికి పోదు. క్లీన్ చేసి, ప్రాసెసర్ వేడిని ఆ గొట్టానికి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోతే అదీ మార్చాక అదే పనికి 80 దాటడం లేదు. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోమనండి, లేకపోతే బేరింగ్ పోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. లాప్‌టాప్‌లో ఫ్యాన్‌ని నడిపేది విండోస్ కాదు, బోర్డు మీద ఉండే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. అందుకే స్పీడ్‌ఫ్యాన్ లాంటి పాత ప్రోగ్రాములకి చాలా లాప్‌టాప్‌లలో ఫ్యానే కనిపించదు. ముందు ఫ్యాన్, వేడి కోసం కంపెనీ ఇచ్చిన మోడ్‌లు వాడండి: చాలా లెనోవోల్లో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే మోడ్ మారుతుంది, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో ఉంటుంది, డెల్ వాళ్ల యాప్‌లో 'కూల్' అనే మోడే ఉంది. అవి చాలకపోతే నోట్‌బుక్ ఫ్యాన్‌కంట్రోల్ అనే ప్రోగ్రాం ఉంది, కానీ సరిగ్గా మీ మోడల్‌కి కాన్ఫిగ్, అంటే సెట్టింగుల ఫైల్, ఉంటేనే వాడండి. పక్క మోడల్‌ది పెడితే కంట్రోలర్‌లో తప్పు చోట తప్పు విలువ రాసేస్తుంది, ఫ్యాన్ ఆగిపోయినా ఆగిపోవచ్చు. థింక్‌ప్యాడ్ వాళ్లకి అదృష్టం, లినక్స్‌లో థింక్‌ఫ్యాన్ అనే ప్రోగ్రాం చక్కగా పనిచేస్తుంది.

నన్నడిగితే వీటన్నిటికంటే పనికొచ్చేది విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి దించడం. ఒక్క శాతమే కదా అనుకోకండి, ఇంటెల్ లాప్‌టాప్‌లలో దాంతో టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది, వేడి పుట్టడమే తగ్గుతుంది. మీటింగులు, ఎక్సెల్, బ్రౌజర్ వరకు పెద్ద తేడా తెలియదు, వీడియో ఎడిటింగ్ ఉన్న రోజు మళ్లీ 100 పెట్టుకోండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనిపించదు.

ఫ్యాన్ లాక్కునేది మన గదిలో గాలే. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో, అందులోనూ పరుపు మీద పెట్టి పనిచేస్తే ఏ సెట్టింగూ కాపాడదు. గట్టి బల్ల మీద పెట్టి వెనక వైపు కాస్త ఎత్తండి.

మూత తీసినప్పుడే బ్యాటరీ కూడా చూడమనండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, నొక్కితే బిగుసుగా ఉన్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలా అయితే ఫ్యాన్ సంగతి తర్వాత, ఛార్జింగ్ వెంటనే ఆపేసి ముందు బ్యాటరీ మార్పించండి.