ఉట్నూరులో చాయ్ పెట్టబోతున్న బిడ్డకు

బిడ్డా,

ఉట్నూరులో గది తీసుకున్నావని, ఈ ఆదివారం నీతోటి టీచర్లను పిలిచి నీ చేత్తో మసాలా చాయ్ పెట్టి ఇస్తానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటావిడ పాత గ్యాస్ పొయ్యి ఇచ్చిందని వినగానే మాత్రం గుండెల్లో రాయి పడింది.

నలుగురికి రెండున్నర కప్పుల నీళ్లు, రెండు కప్పుల పాలు, నాలుగు చెంచాల టీపొడి చాలు. చక్కెర వాళ్లనే అడిగి వెయ్యి.

మసాలాకు అంగుళం అల్లం, నాలుగు యాలకులు, రెండు లవంగాలు, మూడు మిరియాలు, గోరంత దాల్చినచెక్క. మిక్సీ జోలికి పోకు. అమ్మమ్మ కల్వం మీ తమ్ముడితో పంపిస్తున్నాను, అందులో కచ్చాపచ్చాగా దంచు. యాలకుల తొక్క పారేయకు, అదీ మరగాలి. ఆదిలాబాద్ చలి నీకు కొత్త కాబట్టి డిసెంబరులో మిరియాలు ఇంకో రెండు పడినా మంచిదే. పచ్చి అల్లానికి పాలను విరిచే గుణం ఉంది. నీళ్లలో బాగా మరిగితే ఆ గుణం పోతుంది. అందుకే ముందు నీళ్లలో అల్లం, మసాలా, తర్వాత టీపొడి, చివరికి పాలు. చక్కెరకు బదులు బెల్లమైతే పొయ్యి ఆపాకే వెయ్యి.

కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో తాత రాత్రి డ్యూటీ దిగి వచ్చే సైకిలు బెల్లు వినబడ్డాకే అమ్మమ్మ కల్వం ముందు కూర్చునేది. ముందే దంచి పెడితే ఘాటు పోతుందని ఆమె పట్టుదల. తాత చెప్పులు విడిచేసరికి అల్లం వాసన వాకిలి దాకా వచ్చేది. ఆమెది కట్టెల పొయ్యి. చాయ్ పొంగితే నిప్పు చుయ్యిమని ఆరేది, బూడిద లేచేది, అంతే. నీది గ్యాసు.

ఇంటర్ చదివేటప్పుడు హనుమకొండ ఇంట్లో ఏం చేశావో గుర్తుందా? పాలు పోసి, మంట పెద్దది పెట్టి, ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయావు. నేను లోపల పడుకుని ఉన్నాను. పాల మీద పొర కట్టిందంటే కింది ఆవిరికి దారి ఉండదు, ఒక్కసారిగా గిన్నె అంచు దాటుతుంది. పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఘాటు వాసనకు లేచి పరుగెత్తుకొచ్చేసరికి నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడి, చీకటిగా ఉందని స్విచ్చు వేయబోతున్నావు! నీ మణికట్టు పట్టి లాగాను, నా గోళ్లు దిగబడ్డాయి. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుని ఉంటుంది. స్విచ్చులో లేచే చిన్న నిప్పురవ్వ చాలు. ఒళ్లు దగ్గర పెట్టుకోవా, ఫోనే నీకు లోకమా అని నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు ఎదురు చెప్పలేదు. పొయ్యి మీద కారిన పాలు తుడుస్తూ, “నీకు ఒళ్లు వెచ్చగా ఉందని అల్లం ఎక్కువ వేశాను పెద్దమ్మా” అన్నావు. నా బంగారు తల్లీ, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

అందుకే, పాలు పోశాక పొయ్యి వదిలి కదలకు. కబుర్లకు పిలిస్తే వాళ్లనే వంటింటి గడప దగ్గరకు రమ్మను. పొంగు రాగానే మంట తగ్గించు, గరిటెతో ఎత్తి పోస్తూ మళ్లీ లేవనివ్వు. రెండు మూడు పొంగులకు గిన్నె అంచున లేత రంగు పోయి ఇటుక రంగు తిరుగుతుంది. అప్పుడు దించు. ఎప్పుడైనా గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చెయ్యి.

ఈ ఉత్తరం చదవగానే సిలిండర్ పైపు మీద అచ్చు వేసిన సంవత్సరం చూడు. 5 సంవత్సరాలు దాటి ఉంటే ఆదివారం లోపల మార్పించు, డబ్బు నేను పంపుతాను. ఏ సంవత్సరమో ఈ రాత్రికే ఫోనులో చెప్పాలి.

మీ పెద్దమ్మ
హనుమకొండ