హిమోగ్లోబిన్ ఆక్సిజన్ రేఖ ‘ఎస్’ ఆకారంలో ఎందుకు ఉంటుంది?

కండరాల్లోని మయోగ్లోబిన్, రక్తంలోని హిమోగ్లోబిన్ రెండూ హీమ్ అనే చదునైన వలయంలోని ఇనుముతోనే ఆక్సిజన్‌ను పట్టుకుంటున్నా, రెండోదాని సంతృప్త రేఖ (ఏ ఆక్సిజన్ పీడనం వద్ద ఎంత శాతం నిండుతుందో చూపే గీత) మాత్రమే ‘ఎస్’ ఆకారంలో ఎందుకు వంగుతుందన్నది ప్రశ్న. మయోగ్లోబిన్ ఒంటరి ప్రోటీన్ గొలుసు. హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా ఉపభాగాలు కలిసి ఉంటాయి. కీలకమంతా ఆ కలయికలోనే ఉంది.

ఆక్సిజన్ లేనప్పుడు ఈ నాలుగూ లవణ బంధాలతో (వ్యతిరేక విద్యుదావేశాల మధ్య ఆకర్షణతో) బిగుసుకుని, ఆక్సిజన్‌పై తక్కువ ఆకర్షణ గల ‘టి’ స్థితిలో ఉంటాయి. అప్పుడు హీమ్ తలానికి సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) దూరంలో ఉన్న ఇనుము, ఆక్సిజన్ చేరగానే తలంలోకి జరిగి, తనకు అంటిపెట్టుకున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని, దానితోపాటు గొలుసులోని ఒక హెలిక్స్‌ను (మెలితిరిగిన భాగాన్ని) లాగుతుంది. ఆ కదలిక ఉపభాగాల సరిహద్దులను చేరడంతో, ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంటకు సాపేక్షంగా దాదాపు 15 డిగ్రీలు తిరిగి, అణువు మొత్తం ఆక్సిజన్‌పై ఎక్కువ ఆకర్షణ గల ‘ఆర్’ స్థితికి మారుతుంది. అందుకే మొదటి ఆక్సిజన్ చేరడం కష్టం, తర్వాతివి చేరడం తేలిక. దీన్నే సహకార బంధనం అంటారు. రేఖ మొదట మెల్లగా, తర్వాత నిటారుగా లేచి ‘ఎస్’ ఆకారం పొందేది దీనివల్లే. దాని బలాన్ని తెలిపే హిల్ గుణకం ఇక్కడ సుమారు 2.8. అది బంధన స్థానాల సంఖ్య కాదు. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే.

ఆక్సిజన్ పీడనం సుమారు 27 పాదరస మిల్లీమీటర్లకు తగ్గితే హిమోగ్లోబిన్ సగం ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. అదే పీడనం వద్ద మయోగ్లోబిన్ దాదాపు 90 శాతం పట్టుకునే ఉంటుంది.

ఇలా ఒక చోట జరిగిన బంధనం ప్రోటీన్‌లోని మరో చోటును ప్రభావితం చేయడాన్ని ఆలోస్టెరీ అంటారు. దాని పరిధి ఇంతకంటే విశాలమైనది. హీమ్‌కు దూరంగా, బీటా గొలుసుల నడుమనున్న ఖాళీలో ఎర్ర రక్తకణాల్లోని 2,3-బీపీజీ అనే చిన్న అణువు చేరి ‘టి’ స్థితిని స్థిరపరుస్తుంది, ఫలితంగా ఆక్సిజన్ సులువుగా విడుదలవుతుంది. గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్‌లో బీటాకు బదులు ఉండే గామా గొలుసుకు ఈ బీపీజీ బలహీనంగా అంటుకోవడం వల్లనే, తల్లి రక్తం నుంచి శిశువు రక్తం ఆక్సిజన్‌ను తీసుకోగలుగుతుంది.