సాగర్ నీళ్ల కింద ఉన్న లోయని పాత టోపోషీట్లలో ఎలా వెతికానంటే

నాగార్జునసాగర్ కట్టకముందు ఆ లోయ ఎలా ఉండేదో పాత టోపో మ్యాపుల్లో (కొండలూ వాగులూ దారులూ చూపించే సర్వే మ్యాపులు, ఒక్కో కాగితాన్ని టోపోషీట్ అంటారు) చూడొచ్చా, చూడొచ్చంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. చూడొచ్చండి. రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా నేను చేస్తున్న పని ఇదే, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా.

ముందు షీట్ నంబర్ సంగతి. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపుల్లో అంగుళానికి ఒక మైలు లెక్క, అంటే 1:63,360. ఒక్కో షీటూ 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది. నాగార్జునకొండ 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తరం, 79 డిగ్రీల 14 నిమిషాల తూర్పు దగ్గరుంది కాబట్టి 56 పి/2 అనే నంబరున్న షీటులోకి వస్తుంది. నేను ఆ ఒక్క షీటు సంపాదించి పనైపోయింది అనుకున్నా, తీరా తెరిస్తే కొండ కింద కుడి మూలలో ఉంది, అక్కడితో మ్యాపు అయిపోయింది! లోయ మిగతాది 56 పి/3, పి/6, పి/7 లోకి పోతుంది, డ్యామ్ ఉన్న చోటు పి/6 లో పడుతుంది. నాలుగూ ఉంటే తప్ప లోయ మొత్తం కనపడదు, ఇది ముందే తెలిసుంటే నాకు మూడు నెలలు కలిసొచ్చేవి.

దొరకడం గురించి చెప్పాలంటే, పాత అంగుళం షీట్లు పెద్ద లైబ్రరీల్లో, యూనివర్సిటీ జాగ్రఫీ డిపార్ట్‌మెంట్లలో అడగాలి, ఓపిక కావాలి. నాకు ఒకచోట మడతల దగ్గర చిరిగిపోయిన కాపీ చూపించారు, ఫోటో తీసుకోనివ్వడానికి మూడుసార్లు తిప్పారు. ఈలోగా ఊరికే కూర్చోకుండా టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో యూ502 అనే సిరీస్ చూడండి, అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ వాళ్లు 1950ల నుంచి వేసినవి, ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతాయి. స్కేల్ 1:250,000 కాబట్టి బావులూ కాలిబాటలూ వెతక్కండి, లోయ ఆకారం అర్థమవడానికి మాత్రం బాగుంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్‌లో 2017 నుంచి ఫ్రీగా ఇస్తున్న 1:50,000 ఓపెన్ సిరీస్ మ్యాపుల్లో రిజర్వాయర్ వచ్చేసి ఉంటుంది, అవి పోల్చుకోడానికి.

ఇప్పుడు అసలు పని. నా దగ్గరున్న నాలుగు కాపీలూ అంచులు కలిపి టేప్ వేసి, పైన ట్రేసింగ్ పేపర్ పరిచి, 600 అడుగుల కాంటూరు గీతని (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) నీలం పెన్సిల్‌తో దిద్దుకుంటూ పోయా. 600 ఎందుకంటే సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే నీళ్లు ఆ గీతకి పది అడుగుల కిందదాకా వచ్చి ఆగుతాయి. కొత్త మీటర్ల మ్యాపులో అయితే 180 మీటర్ల గీత పట్టుకోండి, అది 590 అడుగులకి దాదాపు సరిగ్గా సరిపోతుంది. రాత్రి పదకొండు దాకా కూర్చుని దిద్దుతుంటే పెన్సిలు ఒక కొండ చుట్టూ తిరిగి తిరిగి మళ్లీ మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. అదే నాగార్జునకొండ. గీత అలా చుట్టుకుని మూసుకుందంటే అక్కడ దీవి ఏర్పడిందన్నమాట, ఇప్పుడు మనం లాంచీలో వెళ్లి దిగే మ్యూజియం దీవి అదే. నాకు అప్పుడు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మూడు పక్కలా నల్లమల శాఖలూ, నాలుగో పక్క కృష్ణా ఉన్న ఆ లోయంతా నీలం గీత లోపలికి వచ్చేసింది, దానిలోపల ఉన్న ప్రతి వాగూ ప్రతి దారీ ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరుండేది. బయటి ప్రపంచానికి నాగార్జునకొండలోని బౌద్ధ శిథిలాల సంగతి తెలిసింది 1926లో, తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు, 1955 డిసెంబర్ 10న డ్యామ్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశారు, మునిగిపోయేలోపు తెలుసుకోవాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో మళ్లీ పెద్ద ఎత్తున తవ్వారు. అందుకే షీటు దొరగ్గానే ముందు అంచున సర్వే చేసిన సంవత్సరం చూడండి, ప్రింటు సంవత్సరం కాదు, రెండింటికీ చాలా తేడా ఉండొచ్చు. సర్వే 1926 కంటే ముందుదైతే ఒకప్పుడు ఇక్కడున్న ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి పేరు కోసం వెతికి లాభం లేదు, సర్వేయర్ తన కంటికి కనపడిందీ ఊరివాళ్లు చెప్పిందీ మాత్రమే రాస్తాడు, మట్టి దిబ్బ కింద స్తూపం ఉందని ఆయనకెలా తెలుస్తుంది. ఇప్పటి విజయపురి సౌత్ అనే పేరు చూసి అది పాత ఊరనుకోకండి, అది ప్రాజెక్టుతో వచ్చిన పేరు.

కృష్ణకి అటు నైజాం, ఇటు మద్రాస్ ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా, కాబట్టి అప్పటి షీటులో సరిహద్దు గీత నది వెంబడే పోతుంది. నది దగ్గరకి వచ్చి ఆగే కాలిబాటలు చూడండి, అవతలి ఒడ్డున కూడా బాట మొదలైతే అక్కడ జనం నది దాటేవాళ్లని అర్థం.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి శాటిలైట్ బొమ్మ మీద పరిచేవాళ్లకి ఒక జాగ్రత్త. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాకారం అనే పాత భూమి ఆకారం లెక్కలో వేసినవి, అంచున ఉన్న అక్షాంశ రేఖాంశాలు నేరుగా జీపీఎస్ లెక్కలో పెడితే మ్యాపంతా పక్కకి జరిగిపోతుంది. నేను మొదట అలాగే చేసి ఒక కొండ శిఖరాన్ని నీళ్లలో పడేశా. నీళ్లపైన మిగిలిన కొండ కొసల్నీ, ట్రయాంగిల్ గుర్తున్న సర్వే పాయింట్లనీ పట్టుకుని సరిచేసుకోండి. కాపీ తీసేటప్పుడు కాగితం సాగిందో లేదో కూడా చూడండి, దీవి నుంచి డ్యామ్ ఉన్న చోటుకి నేరుగా కొలిస్తే మ్యాపు మీద దాదాపు ఆరంగుళాలు రావాలి.

చివరగా, మునిగిన ఊళ్లనుంచి వచ్చిన కుటుంబాల్లో పెద్దవాళ్లెవరైనా తెలిస్తే ఆ షీటు తీసుకెళ్లండి. లాంచీలో కలిసిన ఒక పెద్దాయనకి నేను మ్యాపు చూపించి ఉత్తరం ఇటు అని వివరిస్తుంటే, ఆయన నా చేతిలోంచి తీసుకుని, మేం కూర్చున్న చోటినుంచి కృష్ణ పాత పాయ ఏ పక్కన ఉండేదో ఆ పక్కకి వచ్చేలా కాగితాన్ని తిప్పారు. "ఇప్పుడు చెప్పు బాబూ, ఇది మా వాగేగా?" అన్నారు. మ్యాపులో ఆ వాగుకి పేరు లేదు. ఆయన చెప్పిన పేరుని ట్రేసింగ్ పేపర్ మీద రాసుకున్నా, ఇప్పటికి అలాంటివి పదకొండు పేర్లయ్యాయి. మీకు ఏ షీటైనా దొరికితే ఇక్కడే రాయండి, పి/7 కి ఇంకొంచెం శుభ్రమైన కాపీ కోసం నేను ఇంకా వెతుకుతున్నా.