ఫైబర్ బోటులో గోగునార వేయొచ్చా?

ప్రశ్న: మాది ఉప్పాడ. కొత్త ఫైబర్ బోటు కట్టించుకుంటున్నాం. గ్లాస్ మ్యాట్ ఖర్చు కలిసొస్తుందని, మధ్య పొరల్లో గోగునార గుడ్డ వేస్తానంటున్నాడు మేస్త్రి. దీన్ని హైబ్రిడ్ అంటారట. ఒప్పుకోమంటారా?

జవాబు: బోటు అడుగుకీ, నీళ్లలో ఉండే పక్కలకీ వద్దు. పై భాగాలకి వేయించుకోండి.

మేస్త్రి చెప్పింది అబద్ధం కాదు. ఒకే రెజిన్‌లో, అంటే నారని పట్టుకుని గట్టిపడే జిగురులో, రెండు రకాల నారలు వేస్తే దాన్ని హైబ్రిడ్ అనే అంటారు. గోగునార తేలిక కూడా. గ్లాస్ మ్యాట్‌లోని గాజు నార నీటికంటే రెండున్నర రెట్లు బరువైతే, ఇది ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండుతుంది కాబట్టి సరుక్కీ కొదవలేదు. నేను షెడ్డు నడిపిన రోజుల్లో కుర్చీలకీ తలుపులకీ వాడినవాణ్నే.

చిక్కంతా తడితోనే. గోగునార, జనపనార ఏదైనా సరే, మామూలు గాలిలోంచే తన బరువులో పన్నెండు శాతం దాకా తేమ లాక్కుంటుంది. మీ ఊరి సముద్రపు గాలికి ఇంకాస్త ఎక్కువే. తేమ ఉన్న నార మీద పాలియెస్టర్ రెజిన్ పూస్తే సరిగా గట్టిపడదు, నారని పట్టుకోదు. ఒకవేళ ఎండబెట్టి వేసినా, బోటన్నాక ఎక్కడో బోల్టుకి రంధ్రం వేస్తారు, ఇసుక మీద లాగినప్పుడు అడుగు అరుగుతుంది. పై పొర తెగిన చోట నుంచి నీళ్లు వత్తిలో నూనెలా నార వెంట పాకుతాయి. నార ఉబ్బుతుంది, ఒడ్డున ఎండకి మళ్లీ ముడుచుకుంటుంది. కొన్నాళ్లకి పొరలు విడిపోతాయి. అదీ లోపల్లోపలే. పైన జెల్‌కోట్ (బయటి మెరుపు పూత) నిగనిగలాడుతూనే ఉంటుంది కాబట్టి మీకు కనబడదు.

ఖర్చు సంగతీ ఒకసారి అడగండి. కిలో గ్లాస్ మ్యాట్ రెండు, రెండుంపావు కిలోల రెజిన్ తాగుతుంది. గోగునార గుడ్డ అంతకంటే ఎక్కువ తాగుతుంది. మ్యాట్‌లో మిగిలిందంతా రెజిన్ డబ్బాల్లో పోతే ఇక మిగిలేదేముంది? రెండు లెక్కలూ పక్కపక్కన రాయించుకోండి.

ఐస్ పెట్టె మూత, కూర్చునే పలకలు, ఇంజను మీద కప్పు లాంటి వాటికి నిశ్చింతగా వేయించుకోవచ్చు. నార బాగా ఆరబెట్టి అదే రోజు వాడాలి. అటూ ఇటూ కనీసం రెండేసి గ్లాస్ పొరలుండాలి. కోసిన అంచులన్నీ రెజిన్‌తో మూయాలి. రెజిన్ మామూలు ఆర్థో రకం కాకుండా ఐసో రకం అడగండి, ఉప్పునీటికి అదే ఆగుతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) ముందుగా రెజిన్‌లో వేసి బాగా కలిపాకే క్యాటలిస్ట్ (గట్టిపడటం మొదలుపెట్టించే మందు) పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. షెడ్డులో కలిపే పని ఎప్పుడూ కొత్తగా చేరిన కుర్రాడికే చెబుతారు. మీ బోటు పని జరిగేటప్పుడు ఓ కన్నేసి ఉంచండి.

ప్రశ్న: బీటెక్ ప్రాజెక్టు చేస్తున్నాను. ఎపాక్సీ అనే రెజిన్‌లో నారలన్నీ ఒకే దిక్కుకి పెట్టి పలకలు చేశాం. లాగి చూస్తే కార్బన్ పలక 1500 మెగాపాస్కల్ దగ్గర, గ్లాస్ పలక 1000 దగ్గర తెగాయి. సగం సగం కలిపిన హైబ్రిడ్‌కి 1250 రావాలి కదా, 1020 వచ్చింది. తయారీలో లోపమా? (వరంగల్ నుంచి ఓ విద్యార్థిని)

జవాబు: లోపం పలకలో లేదమ్మా, సగటు కట్టడంలో ఉంది. బిగువుకి (సాగకుండా నిలిచే గుణానికి) సగటు పనికొస్తుంది, బలానికి (తెగకుండా మోయగల బరువుకి) పనికిరాదు. కార్బన్ సుమారు 1.2 శాతం సాగగానే తెగుతుంది. గాజు రెండున్నర శాతం దాకా సాగగలదు. రెండూ ఒకే రెజిన్‌లో అతుక్కుని ఉన్నాయి కాబట్టి కలిసే సాగాలి. 1.2 శాతం దగ్గర కార్బన్ తన 1500 మోస్తుంటే, గ్లాస్ ఇంకా 480 దగ్గరే ఉంటుంది (బిగువు 40 గిగాపాస్కల్, అంటే 40 వేల మెగాపాస్కల్ వేసుకో). రెండింటి సగటు 990. అక్కడ కార్బన్ తెగితే, మిగిలిన సగం మందం గ్లాస్ ఆ బరువు మోయలేదు.

నీకు 990 కాదు, 1020 వచ్చింది. ఇదే నాకు ఆసక్తిగా అనిపించింది. గ్లాస్ మధ్యలో ఉన్న కార్బన్ ఒంటరిగా ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ సాగాక తెగుతుందని 1972లోనే జపాన్‌కి చెందిన హయాషి చూపించాడు. ఒక కార్బన్ నార తెగితే పక్కనున్న గాజు ఆ బరువు అందుకుని, తెగుడు పాకకుండా ఆపుతుంది. ఇంకో చిన్న కారణం మీ ఓవెన్‌లో ఉంది. వేడిలో గట్టిపడిన ఎపాక్సీ చల్లారేటప్పుడు గాజు నార కుంచించుకుంటుంది, కార్బన్ పొడవునా దాదాపు కుంచించుకోదు. దాంతో కార్బన్ ముందే కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. లాగినప్పుడు ఆ నొక్కుడు తీరాకే సాగడం మొదలవుతుంది. అయితే 30 తేడా చూసి సంబరపడకు. కనీసం అయిదు ముక్కలు లాగి, అప్పటికీ నిలిస్తే రిపోర్టులో రాయి.

వంచే పరీక్ష కూడా చేయి. అదే కార్బన్, అదే గ్లాస్, అదే బరువు. కార్బన్‌ని పైనా కిందా పెట్టి గ్లాస్‌ని మధ్యలో పెడితే వంపు బిగువు 114 గిగాపాస్కల్ దాకా వస్తుంది. తిరగేసి పేరిస్తే 51 దాటదు. ఒకే మందం పలకలో వంపుని ఆపే పనిలో ఎనిమిదింట ఏడు వంతులు బయటి సగం మందానిదే. నిన్ను ఇంటర్వ్యూలో అడిగేది ఇదే.

ప్రశ్న: పాత ఫైబర్ ట్యాంకుని పాత ఇనుప సామాన్లవాడు కొననంటున్నాడు. ప్లాస్టిక్‌లా కరిగించలేరా?

జవాబు: కరగదు. బిందెల ప్లాస్టిక్‌లో అణువుల గొలుసులు విడివిడిగా ఉంటాయి, వేడి చేస్తే జారిపోతాయి. మీ ట్యాంకు రెజిన్‌లో అవి ఒకదానికొకటి అడ్డంగా ముడిపడి ఉంటాయి. ఎంత వేడి చేసినా మాడుతుందే తప్ప కరగదు. జర్మనీలో ఇలాంటి గ్లాస్ ఫైబర్ సామాన్లని ముక్కలు చేసి సిమెంటు బట్టీలో వేస్తారు. రెజిన్ మండి వేడినిస్తుంది, గాజు సిమెంటులో కలిసిపోతుంది. మీ ట్యాంకు పగలకపోతే పైభాగం కోయించి మొక్కలకి తొట్టిగా వాడండి. కోసేటప్పుడు ముక్కుకి మాస్కు, ఒళ్లంతా కప్పే బట్టలు తప్పనిసరి. ఆ పొడి దురద రెండు రోజులు వదలదు.