పాత మెషిన్ల మీద బ్యాకప్ అప్‌గ్రేడ్ పెట్టుకున్న మేనల్లుడికి

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే టెన్షన్‌లో ఉన్నావని తెలిసిపోయింది. అంబత్తూరు ఫ్యాక్టరీలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఇరవై రెండు మెషిన్లలో సాఫీగా ఎక్కింది, నాలుగు మొరాయిస్తున్నాయి అన్నావు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ పక్కనున్న విండోస్ 7 ఒకటి, విండోస్ సర్వర్ 2008 ఆర్2 రెండు, లినక్స్ రకం సెంటోస్ 7 ఒకటి. ఆదివారం కూర్చుని ఎలాగోలా ఎక్కించేస్తానన్నావు. ఆ 'ఎలాగోలా' దగ్గరే నాకు భయం. ఇది చదివాక మొదలుపెట్టు.

నేను టి.నగర్‌లో ఒక బట్టల షాపు సిస్టమ్స్ చూసేదాన్ని కదా. 2022లో, దీపావళికి మూడు వారాల ముందు, అక్కడి బిల్లింగ్ సర్వర్ మీద బ్యాకప్ అప్‌గ్రేడ్ నడిపాను. అదీ 2008 ఆర్2యే. పచ్చగీత ముప్పావు దాకా వెళ్ళి ఆగింది, తర్వాత మెల్లగా వెనక్కి వచ్చింది. 'రోలింగ్ బ్యాక్' అని కనబడేసరికి, పోనీలే, పాత వెర్షన్ మళ్ళీ వచ్చేసింది అనుకుని ఇంటికెళ్ళిపోయాను. అది రాలేదు. ఇన్‌స్టాలర్ ముందు పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని పెట్టలేక చేతులెత్తేసింది. ఆ షాపులో షెడ్యూలు ఏజెంట్‌లోనే, అంటే మెషిన్ మీద ఉండి బ్యాకప్ తీసే ప్రోగ్రామ్‌లోనే, ఉండేది. ఏజెంటే లేకపోయేసరికి ఫెయిల్ అయిందని చెప్పే మెయిల్ కూడా రాలేదు. మెయిల్ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను.

పదహారో రోజున డిస్క్ పోయింది. అకౌంట్స్‌లో ముగ్గురమ్మాయిలు షాపు కాపీల కట్టలు ముందేసుకుని, వేలు స్పాంజి గిన్నెలో తడుపుకుంటూ, ఒక్కో బిల్లూ మళ్ళీ ఎక్కించారు. పండగ రద్దీలో, రాత్రి పదింటిదాకా, నాలుగు రోజులు. వాళ్ళలో ఒకమ్మాయి ఊరికి టికెట్ క్యాన్సిల్ చేసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి నేను మెయిల్‌ని నమ్మను. రోజూ పొద్దున్న ప్రతి మెషిన్‌కీ చివరి మంచి బ్యాకప్ తేదీ ఏదో నా కళ్ళతో చూసుకుంటాను. నువ్వూ ఆ అలవాటు చేసుకో.

ఇక ఆ నాలుగూ ఎందుకు మొరాయిస్తున్నాయో చెప్తాను. కారణం తెలిస్తే గుడ్డిగా ప్రయత్నించవు.

విండోస్ 7కీ 2008 ఆర్2కీ మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది. అంతకుముందే, 2019లో, మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకాలు, అంటే ప్రోగ్రామ్ అసలైనదేనని చెప్పే ముద్రలు, షా-1 అనే పాత పద్ధతి నుంచి షా-2కి మారాయి. కొత్త సంతకాన్ని గుర్తుపట్టాలంటే ఆ పాత విండోస్‌లకి కేబీ4474419 అనే అప్‌డేట్ ఉండాలి. అది లేకపోతే బ్యాకప్ డ్రైవర్ లోడ్ అవకపోవచ్చు. ఒకవేళ ఇన్‌స్టాల్ అయినా ఏజెంట్ బ్యాకప్ సర్వర్‌తో మాట్లాడలేకపోవచ్చు. ఆ మాటల్ని భద్రంగా ఉంచే టీఎల్‌ఎస్ 1.2 ఈ రెండు విండోస్‌లలోనూ ఉంది కానీ, మనం ఆన్ చేస్తే తప్ప చాలా ప్రోగ్రాములు దాన్ని వాడవు. కాబట్టి ఆ అప్‌డేట్, టీఎల్‌ఎస్, ఈ రెండూ ముందు చూడు. కొన్నిసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది.

అవలేదంటే అసలు ఆ వెర్షన్ పాత విండోస్ కోసం తయారుకాలేదేమో చూడు. ఉచితంగా దొరికే రెస్టిక్, ఆర్‌క్లోన్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాములు గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవి. ఆ గో 2023లో వచ్చిన 1.21 నుంచి విండోస్ 10, సర్వర్ 2016 కంటే పాతవాటిని వదిలేసింది. అలాంటప్పుడు నువ్వు రాత్రంతా కూర్చున్నా ఉపయోగం లేదు. రిలీజ్ నోట్స్‌లో సపోర్ట్ ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ల పట్టిక ఉంటుంది, ముందు అది చదవాలి. పది నిమిషాల పని, దాదాపు అందరూ దాటేసేది అదే.

సెంటోస్ 7 సంగతి వేరు. దానికి 2024 జూన్ 30తో ఆయుష్షు తీరింది, సాఫ్ట్‌వేర్ దించుకునే మామూలు రిపోజిటరీలు పనిచేయవు, పాతవి దాచిపెట్టే వాల్ట్ నుంచి తెచ్చుకోవాలి. ప్రోగ్రాములన్నీ వాడుకునే మూల లైబ్రరీ జీలిబ్‌సీ అందులో 2.17. కొత్త ఏజెంట్ 2.28 అడిగితే 'నాట్ ఫౌండ్' అని ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు 'జీలిబ్‌సీ మార్చెయ్, సరిపోతుంది' అని చెప్తారు. వినకు చిన్నా, దండం పెడతాను. ఆ మెషిన్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడి ఉంటుంది. తేడా వస్తే చివరికి ఫైళ్ళ జాబితా చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కూడా నడవదు, లాగిన్ కూడా కాలేవు.

మరి ఏం చెయ్యాలంటావా? ఆ నాలుగింటిలో కొత్తది ఎక్కనివాటి మీద పాత ఏజెంటే ఉండనీ. బ్యాకప్ సర్వర్ కొత్తది, ఏజెంట్ పాతది అయినా చాలా సాఫ్ట్‌వేర్‌లు కొంత పరిధిదాకా ఒప్పుకుంటాయి. బాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకో, పనులు నడిపించే డైరెక్టరూ కాపీలు దాచే స్టోరేజ్ డీమనూ ఒకే వెర్షన్‌లో ఉండాలి, క్లయింట్, అంటే మెషిన్ మీది ఏజెంట్, మాత్రం వాటికంటే పాతదైనా నడుస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ ఎన్ని వెర్షన్ల వెనకదాకా ఒప్పుకుంటుందో మాన్యువల్‌లో చూడు, అర్థం కాకపోతే వాళ్ళ సపోర్ట్‌కి మెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకో. పాత వెర్షన్ ఇన్‌స్టాలర్ ఫైలు ఇప్పుడే రెండు చోట్ల దాచు. కంపెనీలు పాతవాటిని సైట్ నుంచి తీసేస్తాయి, అవసరమైన రోజున దొరకదు. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కూడా కనుక్కో. నీకు ముందున్న అబ్బాయి ఉద్యోగం మానేశాడన్నావు కదా, ఆ పాస్‌వర్డ్ అతనితోపాటు వెళ్ళిపోయి ఉంటే కాపీలు ఎన్ని ఉన్నా తెరుచుకోవు. ఇవాళే ఫోన్ చెయ్యి.

సీఎన్‌సీ దగ్గరి విండోస్ 7 మీద మాత్రం అసలు ప్రయోగాలే వద్దు. ఆ మెషిన్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు కాబట్టే అది ఇంకా అక్కడుంది. షిఫ్టు అయ్యాక ఆపేసి, డిస్క్ నకలు తీసే క్లోనెజిల్లా ప్రోగ్రామ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ మొత్తం ఇమేజ్, అంటే అచ్చు నకలు, తీసుకో. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది కాబట్టి లోపల ఏ విండోస్ ఉన్నా దానికి పట్టదు. ఆ ఇమేజ్‌ని రిచీ స్ట్రీట్‌లో ఇంకో డిస్క్ కొని దాని మీదకి ఎక్కించి, ఆ డిస్క్ పెట్టి మెషిన్ ఆన్ చేసి చూడు. లేచిందా, అప్పుడు మాత్రమే అది బ్యాకప్. పాత డిస్క్‌ని లేబుల్ అతికించి బీరువాలో పెట్టు, గ్రౌండ్ ఫ్లోర్‌లో వద్దు. 2015 డిసెంబర్ వరదల్లో కింది అంతస్తుల్లోని సర్వర్లు ఎలా మునిగాయో చెన్నైలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

2008 ఆర్2లు రెండూ వర్చువల్ మెషిన్లా, అంటే ఇంకో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచేవా, కాదా అన్నది నువ్వు చెప్పలేదు. అలాంటివైతే పని సులువు, వాటిని నడిపే హోస్ట్ కంప్యూటర్ వైపు నుంచే మొత్తం మెషిన్ కాపీ తీయొచ్చు, లోపల ఏజెంట్ అవసరమే ఉండదు. వర్చువల్ కాకపోతే పాత ఏజెంట్‌నే ఉంచి, బ్యాకప్ వేళకి ప్రోగ్రాముల డేటాని సిద్ధం చేసే విండోస్ భాగాలు, వీఎస్ఎస్ రైటర్స్, అన్నీ 'స్టేబుల్' అని చూపిస్తున్నాయో లేదో వారానికోసారి చూసుకో. మేనేజర్‌కి ఇవన్నీ ఒక పేజీలో రాసిచ్చి, ఈ నాలుగూ ఎప్పటికి మారతాయో తేదీ అడుగు. కోప్పడతాడేమో, అయినా అడుగు.

ఆదివారం ఒక్క పనే పెట్టుకో. ఆ నాలుగింటిలో ప్రతి దాన్నుంచీ మొన్నటి బ్యాకప్ తీసి, ఒక్కో ఫైలు వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, తెరిచి చూడు. ఏదైనా తెరుచుకోకపోతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. శనివారం సాయంత్రం మాంబళం వచ్చెయ్, క్లోనెజిల్లా పెన్‌డ్రైవ్ నా దగ్గరుంది. భోజనం ఇక్కడే.

మీ అత్త