దుప్పట్ల కట్ట విప్పే ముందు

బిడ్డా,

తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లోని ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన గొత్తికోయ గిరిజనుల గూడేల్లో దుప్పట్లు, బియ్యం పంచుదామని మీ కాలేజీ మిత్రులంతా అనుకుంటున్నారని రాశావు. పంచండి. చలికాలం దుప్పటి ఎవరికీ చేదు కాదు. అయితే చందాలో వంద రూపాయలు వస్తే అందులో పదికి మించి పంపకానికి పోనివ్వకు. మిగతా తొంభై ఎక్కడ పెట్టాలో చెప్తా.

వరద వచ్చి ఇల్లు మునిగినవాళ్లు నెలకో రెండు నెలలకో మళ్లీ నిలదొక్కుకుంటారు. అందాకా బియ్యం మూట ఆదుకుంటుంది. వీళ్ల సంగతి అది కాదు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక అటు జుడుం, ఇటు మావోయిస్టుల మధ్య నలిగి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. జనం సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ఎస్పీఓలుగా, అంటే ప్రత్యేక పోలీసులుగా తిప్పడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోయిన ఊళ్లు మాత్రం దాంతో తిరిగి రాలేదు. ఆనాడు చంకలో వచ్చిన పిల్ల ఇవాళ ఇద్దరు బిడ్డల తల్లి. ఆ పిల్లకు ఏటా ఒక దుప్పటి ఇస్తూ పోతే ఇంకో ఇరవై ఏళ్లూ ఇలాగే గడుస్తాయి.

లోకమంతటా ఇదే తంతు. కెన్యాలో దాదాబ్ శరణార్థి శిబిరాలు 1991లో తాత్కాలికమని పెట్టారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. 2016లో ఇస్తాంబుల్ సదస్సులో పెద్ద దాతలంతా కూర్చుని, 2020 నాటికి సాయంలో నాలుగో వంతు స్థానికుల చేతికే ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ మాట నిలబడలేదు. మన దేశంలో చూడదగ్గది త్రిపుర. 1997లో మిజోరం నుంచి వచ్చిన బ్రూ జనం 23 ఏళ్లు శిబిరాల్లో మగ్గారు. 2020 జనవరి ఒప్పందంలో కుటుంబానికి 40x30 అడుగుల జాగా, ఇంటికి లక్షన్నర, బ్యాంకులో 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు, రేషన్ రాసిచ్చారు. రెండేళ్లని గడువు పెట్టారు చూడు, నాకు నచ్చింది అదే. కాళ్ల కింద జాగా చూపిస్తే రేషన్‌కు గడువు పెట్టొచ్చు. జాగా లేనప్పుడు గడువు పెడితే అది తరిమేయడమే.

జాగా ఇప్పించడం మీ చేతుల్లో లేదు. కాగితం ఇప్పించడం మాత్రం ఉంది. వీళ్లు దేశం దాటలేదు కాబట్టి శరణార్థుల లెక్కలోకి రారు. అంతర్గత నిర్వాసితుల కోసం ఐక్యరాజ్య సమితి 1998లో మార్గదర్శక సూత్రాలు రాసింది గానీ, మన దగ్గర వాళ్ల కోసం విడిగా చట్టం లేదు. అందుకని అందరికీ ఉన్న మామూలు చట్టాలతోనే పని జరిపించుకోవాలి.

మొదట పుట్టిన పిల్లల సంగతి చూడు. కాన్పు గూడెంలో జరిగినా 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయిస్తే పైసా ఖర్చు లేదు. తల్లిదండ్రులది ఏ రాష్ట్రమైనా, బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి నుంచి ఓటు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెటే రుజువు. గూడెంలో ఎవరెవరు నీళ్లోసుకున్నారో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమె దగ్గర నెలలు తెలుసుకుని, కాన్పు అయిన వారంలోనే తండ్రిని వెంటబెట్టుకుని కార్యదర్శి దగ్గరికి పో. దీనికి అయ్యేది బండి పెట్రోలు ఖర్చే. వంద దుప్పట్లకంటే దీని విలువ ఎక్కువని నా లెక్క.

రేషన్ రెండోది. ఛత్తీస్‌గఢ్ కార్డు ఉన్నవాళ్లు మన డీలర్ దగ్గరే బియ్యం తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన కార్డైతే మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ అయితే కార్డుకు 35. ఇక్కడ మూడు చోట్ల బెడిసికొడుతుంది. కార్డులో పేరుకు ఆధార్ కలిపి ఉండదు. లేదా అక్కడే ఉండిపోయిన అన్న అదే కార్డు మీద ఆ నెల బియ్యం తీసేసుకుంటాడు. లేదంటే మిరపకాయలు ఏరీ ఏరీ అరిగిన వేళ్లను యంత్రం గుర్తుపట్టదు, అప్పుడు కనుపాప తోనో ఓటీపీతోనో ప్రయత్నించమని డీలర్‌ను అడుగు. పాత కార్డులో పేరు తీయించకుండా ఇక్కడ కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టించకు. ఆధార్ రెండు చోట్ల తేలితే ఉన్నదీ పోతుంది.

ఆధార్‌లో చిరునామా మార్చేముందు, పాత ఊరి పేరున్న ప్రతి కాగితాన్నీ ముందూ వెనకా జిరాక్సు తీయించి ప్లాస్టిక్ కవర్లో ఆ ఇంటివాళ్లకే ఇవ్వు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం) సెక్షన్‌లో, 2005 డిసెంబరు 13కు ముందు అడవి భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడి పునరావాసం దొరకనివాళ్లకు ప్రత్యామ్నాయ భూమి అడిగే హక్కు ఉంది. ఆ తేదీకి ముందు ఎక్కడున్నారో రుజువు లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే. ఎస్టీ గుర్తింపు కూడా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, 342 అధికరణం ప్రకారం. అక్కడి గిరిజనుడికి ఇక్కడ ఆ సౌకర్యాలు దానంతటవే రావు. వస్తాయని ఎవరికీ ఆశ పెట్టకు.

నీళ్లు. చాలా గూడేలకు వాగులో తవ్విన చెలిమే దిక్కు. అంతర్జాతీయ ప్రమాణం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, ఒక బోరింగుకు 500 మంది, ఇంటి నుంచి 500 మీటర్లు దాటకూడదు. ఇది చూసి రిజర్వు అడవిలో బోరు బండి దింపకు. అనుమతి లేకుండా తవ్వితే మీరు హనుమకొండకు తిరిగొచ్చేస్తారు, ఫారెస్టు కేసు గూడెం నెత్తిన పడుతుంది. పక్కనున్న పాత కోయ ఊరి హద్దులో, ఆ ఊరి గ్రామసభ ఒప్పుకున్న చోట వేయించు. ఇద్దరూ తోడుకుంటారు. వచ్చినవాళ్లకే అన్నీ ఇస్తున్నారన్న కడుపుమంటా ఉండదు. ఆ కడుపుమంట గొడవగా మారితే అన్నిటికంటే ముందు నష్టపోయేది గొత్తికోయలే. కాబట్టి ఏ పని చేసినా పాత ఊరికీ ఒక పాలు ఉండాలి.

బోరు వచ్చేదాకా క్లోరిన్. చెలిమలో బ్లీచింగ్ చల్లితే ఊట నీటితో గంటలో కొట్టుకుపోతుంది. బిందెలోనే కలపాలి. మసక నీళ్లయితే పాత నూలు చీరను నాలుగు మడతలు పెట్టి వడపోసి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. బిళ్లల పొట్లం మీద ఎన్ని లీటర్లకో రాసి ఉంటుంది, బిందె ఎన్ని లీటర్లో కొలిచి చూసుకో. వాసన వస్తోందని ఆడవాళ్లు పారబోస్తారు. రాత్రి కలిపి మూత పెట్టి పొద్దున తాగమంటే వాసన తగ్గుతుంది. మామూలు బావి ఉన్న చోట వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్. తెరిచిన సంచిలో ఉన్న పాత పౌడర్‌కు బలం ఉండదు.

దోమతెరలకు లెక్క: జనాన్ని 1.8తో భాగించు. 54 మందికి 30 తెరలు. మందు పూసినవే కొను, ఉతికితే నీడలో ఆరేయమను.

పిల్లల దండచెయ్యి చుట్టుకొలత తీసే టేపు వెంట ఉంచుకో. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు ఎడమ చెయ్యి వదులుగా వేలాడుతుండగా, భుజం మొనకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టాలి. చర్మం నొక్కుకుపోయేలా బిగిస్తే లెక్క తప్పుతుంది. 11.5 సెంటీమీటర్లకంటే తక్కువైతే, లేదా రెండు పాదాల మీదా వేలితో నొక్కితే గుంట పడితే, అదే రోజు పీహెచ్‌సీకి తీసుకుపోవాలి. అది తీవ్రమైన పోషకాహార లోపం, బిస్కెట్ ప్యాకెట్లతో నయమయ్యేది కాదు.

బడికి పంపేటప్పుడు వయసు కాగితం లేదని, టీసీ రాలేదని చేర్చుకోబోమని అంటే 2009 విద్యాహక్కు చట్టంలో 5, 14 సెక్షన్లు చూపించు. చేరాక నిలవాలంటే కోయ మాట్లాడే మనిషి తరగతిలో ఉండాలి. గూడెంలోనే కాస్త చదివిన అమ్మాయికి నెలనెలా జీతమిచ్చి పెట్టండి. చందా డబ్బులో పెద్ద వాటా దీనికే పోవాలి, అదీ కనీసం మూడేళ్లకు సరిపడా చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాలి. ఆరు నెలలకు ఆపేసే పనైతే మొదలే పెట్టకండి.

పేర్ల జాబితా రాసేటప్పుడు జాగ్రత్త. ఎవరు ఏ ఊరి నుంచి, ఎందుకు వచ్చారో ఒకే కాగితం మీద రాయకు. 2025లో కర్రెగుట్టల దగ్గర మావోయిస్టుల మీద ఎంత పెద్ద ఆపరేషన్ జరిగిందో చూశావు. ఇలాంటి చోట ఆ జాబితా ఎవరి చేతికి చిక్కినా ప్రమాదమే. ఇంటికి ఒక నంబరు, మనుషుల లెక్క, పిల్లల వయసు, అంతే. ముఖాలు కనిపించే ఫొటోలు ఫోన్లో పెట్టొద్దని మీవాళ్లకు గట్టిగా చెప్పు.

ఎప్పుడు పోవాలంటావా? జనవరి నుంచి మార్చి దాకా మంగపేట వైపు మిరప చేలకు పోతారు, పగలు గూడెంలో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. తర్వాత ఇప్పపువ్వు, తునికాకు. జూన్ నుంచి వాగులు దాటనివ్వవు. నవంబరులో మొదలుపెట్టి, పొద్దుగూకాక కాదు, తెల్లవారుజామున పనికి బయల్దేరకముందే చేరుకో. మొదటి రోజు చేతిలో ఏమీ తీసుకుపోకు. ముందు ఏఎన్ఎంనూ, పాత ఊరి పెద్దమనుషులనూ కలువు.

మీ పెద్దబాపు
హనుమకొండ